జానెడు వంపు

పొద్దున ఆరు కొట్టకముందే యూప్రోనియో చేదని బావిలోకి వదులుతాడు. చేద నీళ్లని తాకగానే లోపలి నుంచి అతని భార్య బిబియానా గొంతు వస్తుంది. "చొక్కా తిరగేసి తొడుక్కున్నావు చూసుకో" అంటుంది ఒకరోజు. "ఎండు చేప మీద మూత పెట్టావా? పిల్లి కాచుకుని కూర్చుంది" అంటుంది ఇంకోరోజు. అతను చొక్కా చూసుకోడు, వెళ్లి మూతా పెట్టడు. బావి సలహాలు చెప్పదని ఆ వీధిలో అందరికీ తెలుసు. బతికుండగా ముప్ఫై ఏళ్లపాటు ఆ గట్టు దగ్గర నిలబడి ఆవిడ అన్న మాటల్లోంచి ఏదో ఒకటి, తనకి తోచింది, మళ్లీ అంటుంది. అంతకు మించి ఏమీ లేదు. యూప్రోనియో నీళ్లు పైకి లాగి, మొహం కడుక్కుని, కాఫీ కాచుకుని తాగి, కొలత కర్ర భుజాన పెట్టుకుని పెట్రోలు బంకుకి నడుస్తాడు.

బొహోల్ దీవిలో శాన్ అగపితో అనే ఊళ్లో, బంకు దగ్గర మొదలై సముద్రం వైపుకి దిగిపోయే వీధి అది. ఏడు బావులు. ఏడింట్లోనూ గొంతులున్నాయి. ఏ బావిలో ఎవరు ఎక్కువ కాలం నీళ్లు తోడారో, పోయాక వాళ్ల గొంతు అందులో ఉంటుంది. రొట్టెలు కాల్చే తాసియో తన బావికి చెక్క మూత చేయించాడు. దోమల కోసమని చెబుతాడు గాని, లోపల ఉన్నది అత్తగారు. ఏటా ఆరోగ్యశాఖ తరఫున ఒకామె వచ్చి కాగితం నింపుకుని పోతుంది. గట్టు ఎత్తెంత, మూత ఉందా, పందుల దొడ్డి ఎంత దూరం, గొంతు ఎవరిది. అన్నీ ఒకే చేతిరాతతో, ఒకే విసుగుతో రాసుకుంటుంది. అప్పట్లో ఎనిమిదో బావి కూడా ఉండేది, కల్లుగీత వాళ్లది; ఒక ఏడాది వానలు లేక ఎండిపోయింది. ఎండినా, మూసినా గొంతు పోతుంది. మళ్లీ తవ్వినా రాదు. ఆ ఇంటివాళ్లు తాతగారికి తొమ్మిది రోజుల ప్రార్థన రెండోసారి చేయించారు. వచ్చినవాళ్లకి మొదటిసారి పెట్టినట్టే బిస్కట్లూ కాఫీ పెట్టారు. పాపం, ఈసారి బిస్కట్లు కొంచెం మెత్తబడ్డాయని అన్నవాళ్లూ లేకపోలేదు.

బిబియానా పోయి నలభై అయిదు రోజులైంది. నలభయ్యో రోజు ప్రార్థన కూడా అయిపోయింది. యూప్రోనియో చొక్కా మీద ఎడమవైపు నల్ల రిబ్బన్ ముక్క పిన్నీసుతో గుచ్చి ఉంది. ఏడాది పాటు ఉండాలి అది. శవపేటిక దగ్గర అతను ఏడవలేదు. సమాధి దగ్గర కూడా ఏడవలేదు. ఎవరైనా పలకరిస్తే తల ఊపేవాడు. ఎవరైనా జోకు వేస్తే నవ్వాల్సిన చోట నవ్వేవాడు కూడా. లోపల మాత్రం, ఎక్కువసేపు ఒకే పక్కన పడుకుంటే చెయ్యి ఎలా తిమ్మిరెక్కుతుందో, అలా ఉండేది. ఆ చెయ్యి మనదే, కాని గిల్లినా తెలియదు. పగలంతా అలా గడిచి, మళ్లీ పొద్దున చేద నీళ్లని తాకినప్పుడు ఆ ఒక్క క్షణం మాత్రం ఎక్కడో చీమ కుట్టినట్టు ఉండేది. ఆ చీమ కోసమే అతను లేచేవాడు.

బంకులో ట్యాంకు మార్చాలని పైనుంచి తాఖీదు వచ్చింది. పాతది ఇనుప ట్యాంకు. ఇప్పటి యజమానురాలి తండ్రి వేయించింది. నేల కింద ఉన్న ఇనుముకి ఎంత ఆయుష్షు ఉంటుందో నేలకే తెలియాలి. రెండు పొరల కొత్త ట్యాంకు పక్క దీవి సెబు నుంచి ఓడలో వచ్చింది. దాంతోపాటు వల్మోరియా అనే ఇంజనీరు, నలుగురు పనివాళ్లు, ఒక ప్రొక్లెయిన్ వచ్చాయి. వల్మోరియాకి ముప్ఫై దాటి ఉండవు. మనిషి మంచివాడు, చదువుకున్నవాడు, పెద్దవాళ్లు ఎదురొస్తే టోపీ తీసేవాడు. చివరికి నష్టం జరిగింది కూడా ఆ మంచితనం వల్లే అనుకోండి.

తవ్వే ముందు కోడిని కోశారు. నేలకి కోడి నెత్తురు చూపించకుండా తవ్వితే, నేల మనిషి నెత్తురు అడుగుతుందని అక్కడి నమ్మకం. కాలేజీలో రసాయనాలు చదివిన వల్మోరియా కూడా టోపీ చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. తెల్ల పుంజు నెత్తురు నాలుగు మూలలా చల్లి, పుంజుని ఎదురుగా ఉన్న అన్నం హోటలుకి పంపించారు. మధ్యాహ్నానికి అది పుల్లటి కూరై తిరిగొచ్చింది. "నేలకి నెత్తురు, మనకి ముక్కలు. న్యాయమైన పంపకం" అన్నాడు ప్రొక్లెయిన్ తోలేవాడు. యూప్రోనియో నవ్వాల్సిన చోట నవ్వాడు.

పాత ట్యాంకులో మిగిలిన పెట్రోలుని లారీ వచ్చి తోడుకుని పోయింది. పంపు గాలి పీల్చి గుర్రుమనేదాకా తోడారు. అప్పుడు వల్మోరియా వచ్చి అడిగాడు.

"మనోయ్, ఖాళీయేనా?"

మనోయ్ అంటే అన్న. పరాయివాణ్ణి కూడా అక్కడ అలాగే పిలుస్తారు.

యూప్రోనియో కొలత కర్రని నింపే గొట్టంలోంచి దించాడు. టక్కుమని అడుగు తగిలింది. పైకి తీసి చివర బొటనవేలితో తుడిచాడు. పొడి.

"ఖాళీ" అన్నాడు.

వల్మోరియా చేతిలో సన్నటి ఇనుప గొట్టం ఉంది. ట్యాంకు రెండో చివర ఇంకో మూత ఉంటుంది. అక్కడ కూడా దించి చూడాలి. అది అతని పద్ధతి. ఏ ఊళ్లోనైనా, ఎవరు ఏం చెప్పినా, రెండు చివర్లూ తను చూసుకునే దాకా ప్రొక్లెయిన్‌ని కదలనివ్వడు. ఆ గొట్టం పట్టుకుని రెండడుగులు వేశాడు కూడా. అంతలో యూప్రోనియో చొక్కా మీద నల్ల రిబ్బన్ కనిపించింది. సంవత్సరీకం కాని మనిషి, తన తండ్రి ఈడువాడు, ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఇదే ట్యాంకుని కొలిచినవాడు ఖాళీ అన్నాక, అతని కళ్ల ముందే మళ్లీ కొలవడమంటే చెంప మీద కొట్టడమే. వల్మోరియా ఇనుప గొట్టాన్ని గోడకి ఆనించేశాడు.

"అలాగే మనోయ్. మీ మాటే చాలు."

పనివాళ్లకి పద్ధతి తెలుసు. వాళ్లూ రిబ్బన్ చూశారు, చూసి ఊరుకున్నారు. యజమానురాలు కిటికీలోంచి చూసి, మంచి కుర్రాడు అనుకుంది. ఆ దీవిలో తుఫానులు కూల్చిన ఇళ్ల కన్నా మర్యాద కూల్చినవే ఎక్కువని వెనకటికి నాకు లెక్కలు చెప్పిన పంతులొకాయన అంటుండేవాడు. ఆయన కూడా ఈ మాట పెద్దవాళ్ల ముందు అనలేదు, మర్యాద కాదని.

మర్నాడు పది గంటలకి ప్రొక్లెయిన్ పన్ను ట్యాంకు సముద్రం వైపు చివర బురదలోకి దిగింది. మెత్తని చప్పుడు, లేత కొబ్బరిలో వేలు దిగినట్టు. ఎవరికీ ఏమీ కనబడలేదు. తుక్కు, బురద, ఎండ. కాసేపటికి అన్నం హోటలామె పొయ్యి మీద ఉడుకుతున్న కూర గిన్నె ఎత్తి నిప్పుల మీద పోసేసి, "వాసనరోయ్! పెట్రోలు! ఎవడైనా సిగరెట్టు వెలిగించాడో వాణ్ణి నేనే పాతేస్తా!" అని అరిచింది. మోటారుసైకిళ్లని చేతుల్తో తోసుకుంటూ పోయారు. ట్రైసికిల్ వాళ్లు ఇంజన్లు ఆపేసి దిగి నిలబడ్డారు. ఫైరింజన్ వచ్చింది. ఇసక పోశారు, కొబ్బరి పొట్టు పోశారు, దాన్ని పారల్తో ఎత్తి డ్రమ్ముల్లో నింపారు. మధ్యాహ్నానికి అంతా సద్దుమణిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. కోడి మంచిదని అందరూ అనుకున్నారు.

వల్మోరియా చెమట తుడుచుకుంటూ యూప్రోనియో పక్కన వచ్చి కూర్చున్నాడు.

"పైపుల్లో మిగిలిందే కారి ఉంటుంది కదా మనోయ్? ఎంతుంటుందంటారు?"

అప్పుడు గుర్తొచ్చింది యూప్రోనియోకి.

ఎనిమిదేళ్ల కిందట పెద్ద భూకంపం వచ్చింది. చర్చి గంట తనంతట తనే మోగి, గోపురంతో సహా కింద పడింది. ఆ రోజు నేల కింద ట్యాంకు సముద్రం వైపుకి జానెడు ఒరిగింది. ఒరిగిన సంగతి పైకి కనబడదు. కొలత కర్ర ఈ చివర పొడిగా వచ్చినా ఆ చివర పెట్రోలు నిలిచి ఉంటుంది. మొదటి నెలలోనే కొలతలకీ అమ్మకాలకీ పొంతన కుదరక, యూప్రోనియో తనే కూర్చుని, ఎన్నో రోజులు చూసి చూసి, ఎంత తేడానో తేల్చాడు. ఆరువందల నలభై లీటర్లు. అప్పటి నుంచి కర్ర ఏది చెబితే దానికి ఆ వంపు మనసులో కలిపి చెప్పేవాడు. ఎక్కడా రాయలేదు. బంకులో ఎవరూ అడగలేదు. బతికున్నవాళ్లలో ఈ సంగతి తెలిసింది అతనొక్కడికే. ఎనిమిదేళ్లలో ఒక్క రోజు కూడా కలపడం మరిచిపోలేదనుకునే మనిషి నిన్న మరిచిపోయాడు.

"ఎందుకడుగుతున్నావు ఇంజనీరూ?" అన్నాడు.

"నాలుగైదు బకెట్లయితే ఫరవాలేదు. పైన మట్టి తీసేశాం కదా. అదే డ్రమ్ము దాటిందనుకోండి, కాగితం పైకి వెళ్తుంది. ఈ దీవంతా సున్నపురాయి మనోయ్, కింద తేనెపట్టులా కన్నాలు. పెట్రోలు ఎక్కడికి పోతుందో చెప్పలేం. పల్లంలో ఉన్న బావులన్నీ సిమెంటు పోసి మూసేయమంటారు."

"అన్నీనా?"

"మీ వీధి మొత్తం."

యూప్రోనియో గోతిలోకి చూశాడు. బురద మీద ఇంద్రధనుస్సు పొరలు పొరలుగా మెలికలు తిరుగుతోంది. అతనికి భయం వేయలేదు, సిగ్గు వేయలేదు. ఆ రెండూ రావలసిన చోట ఖాళీగా ఉందని మాత్రం తెలిసింది. రేపు పొద్దున చేద దించితే కింద ఎవరూ ఉండరు అన్న ఒక్క ఆలోచన ఆ ఖాళీలో నిలబడి ఉంది.

"నాలుగు బకెట్లు" అన్నాడు. "అంతకంటే ఉండదు."

"మీరన్నారుగా, చాలు" అన్నాడు వల్మోరియా, నిశ్చింతగా.

తొమ్మిది రోజులు మామూలుగా గడిచాయి. చేద దించితే బిబియానా మాట్లాడింది. "ఆ తాడు మార్చమని ఎన్నిసార్లు చెప్పాలి" అంది. "ఫాదర్ గారికి గుడ్లు పంపాను, నాలుగే, ఎక్కువ పంపితే అలవాటవుతుంది" అంది. అతను విని, పనిలోకి పోయేవాడు. పాత ట్యాంకుని ముక్కలు కోసి లారీ ఎక్కించారు. గోతిలో కంకర పరిచారు. ఒక పనివాడు గోడకి ఆనించిన ఇనుప గొట్టానికి బనీను ఆరేసుకునేవాడు.

పదో రోజున బిబియానా గొంతు బొంగురుపోయింది.

"కాళ్లు కడుక్కుని లోపలికి రా" అంటూ, మాట మధ్యలో ఆగి దగ్గింది. యూప్రోనియో చేద పైకి లాగి ఎండలో పెట్టి చూశాడు. ముప్ఫై ఏళ్లు పైగా బంకులో పనిచేసినవాడి ముక్కుకి పెట్రోలు వాసన తెలియదు, చేపలు పట్టేవాడికి నీచు తెలియనట్టే. కళ్లకి తెలిసింది. నీటి మీద చింతగింజంత రంగుల పొర ఒకటి తిరుగుతోంది. వేలితో పక్కకి తోశాడు. అది రెండయింది.

ఆ నీళ్లతోనే కాఫీ కాచుకుని తాగాడు.

పక్కింటి లుదివినా బిందె చంకన పెట్టుకుని వచ్చేసరికి అతను బావి తాడు విప్పేసి మంచం కింద దాచాడు. లుదివినాకి ఎనిమిదో నెల. భర్త ఓడల మీద పనిచేస్తాడు, ఇప్పుడు ఏ సముద్రంలో ఉన్నాడో ఆవిడకీ సరిగ్గా తెలియదు. వాళ్ల బావి నీళ్లు ఉప్పగా ఉంటాయి. అందుకని తాగడానికి యూప్రోనియో బావికే వస్తుంది.

"తాడేదీ మనోయ్?"

"తెగిపోయింది ఇందయ్."

"ముప్ఫై ఏళ్ల తాడు నేనొచ్చే టైముకే తెగిందా? మనాంగ్ బియా ఉంటే మీ పని చెప్పేది."

ఇందయ్ అంటే చెల్లి, మనాంగ్ అంటే అక్క. బియా అంటే బిబియానాయే.

"చర్చి కొళాయి నుంచి నేను తెచ్చి పెడతాలే. ఈ ఒంటితో నువ్వెందుకు తోడడం?"

"అబ్బో! మనాంగ్ బియా కడుపుతో ఉన్నప్పుడు కూడా ఇలాగే మోశారా? ఆవిడ చెప్పిన కథ వేరే" అని నవ్వి, బిందె గట్టు మీద పెట్టి వెళ్లిపోయింది. యూప్రోనియోకీ బిబియానాకీ పిల్లలు నిలవలేదు. ఆ మాట నోరు జారిందని ఆవిడ గోడ దాటాక నాలిక కరుచుకుంది. అతను బిందె ఎత్తుకుని చర్చికి బయల్దేరాడు.

పదకొండో రోజున తాసియో కొట్లో రొట్టె కొన్న ఒకడు దాన్ని వాసన చూసి, "దీంతో నా మోటారుసైకిల్ నడుస్తుందంటావా?" అన్నాడు.

"పిండి పాతది" అన్నాడు తాసియో. "వాసన నీ చేతులదేమో ముందు కడుక్కో." తర్వాత గొంతు తగ్గించి యూప్రోనియోతో అన్నాడు, "పిండి సంగతి వదిలెయ్. మా అత్త దగ్గుతోంది తెలుసా? బతికుండగా ఒక్క రోజు దగ్గలేదు ముసల్ది. దగ్గితే తిట్టడానికి టైము పోతుందని."

యూప్రోనియో తన రొట్టె తను తిన్నాడు. ఇంకోటి కూడా కొని తిన్నాడు. రాత్రికి కడుపులో నొప్పి వచ్చింది. ఆ నొప్పి తనకి రావలసిందే అనిపించి, దానికి మందు వేసుకోలేదు.

పన్నెండో రోజు పొద్దున కొత్త ట్యాంకుని గోతిలోకి దించేశారు. మధ్యాహ్నం ఇసక పోసి పూడ్చి, పైన సిమెంటు చేసేస్తారు. పూడ్చేస్తే ఇక ఏమీ ఉండదు. కింద ఏముందో చూడడానికి ఎవరూ కొత్త సిమెంటు పగలగొట్టరు. యూప్రోనియో అది చూసి, టిఫినుకని ఇంటికి వచ్చాడు. వచ్చేసరికి లుదివినా సొంత తాడు తెచ్చుకుని, తన బకెట్‌కి కట్టుకుని, బావిలోకి వదుల్తోంది.

"ఆగు ఇందయ్!"

"చర్చి నీళ్లు బ్లీచింగు కంపు మనోయ్, లోపల వీడు తన్నేస్తున్నాడు. నాకు ఈ నీళ్లే కావాలి. మీరు కోప్పడినా సరే."

బకెట్ నీళ్లని తాకింది.

"వంపు కలిపావా ప్రోన్?" అంది బావి.

గొంతు బొంగురుగా ఉంది, కాని మాట స్పష్టంగా ఉంది. యూప్రోనియో గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ఎనిమిదేళ్లు. రోజూ బంకు నుంచి టిఫినుకి ఇంటికి రాగానే బిబియానా గట్టు దగ్గర గిన్నెలు తోముతూ, తల ఎత్తకుండా, అడిగే మాట అది. ఆవిడ అడుగుతుందనే అతను కలిపేవాడు. మరిచిపోయిన రోజున చెంగున మళ్లీ బంకుకి పరిగెత్తి, చెప్పిన అంకె మార్పించి వచ్చేవాడు. అది తన జ్ఞాపకశక్తి అనుకున్నాడు ఇన్నాళ్లూ. యాభై ఏడు రోజుల్లో బావి ఎన్నో మాటలు అంది. పిల్లి గురించి అంది, ఫాదర్ గారి గుడ్ల గురించి అంది. ఈ మాట ఒక్కసారి కూడా అనలేదు.

"ఏం వంపు మనోయ్?" అంది లుదివినా. ఆవిడ తాడు లాగుతోంది. బకెట్ సగం దాకా వచ్చింది.

అతను బావి దగ్గరికి నడిచాడు. గట్టు మీద చెయ్యి వేసి లోపలికి వంగాడు. ఆ వీధిలో ఎవరూ బావికి జవాబు చెప్పరు. చెప్పి లాభం లేదు కదా.

"కలపలేదు బియా" అన్నాడు.

లుదివినా తాడు లాగడం ఆపింది. అతను ఆవిడ చేతిలోంచి తాడు తీసుకుని, బకెట్ పైకి తెచ్చి, నీళ్లు నేల మీద పారబోశాడు. ఎండలో ఆ తడి రంగులు తేలింది. ఆవిడ ముక్కు మూసుకుంది, ఆ తర్వాత రెండో చేత్తో కడుపు పట్టుకుంది. అప్పుడు అతను చెప్పాడు. వంపు సంగతి, ఆరువందల నలభై సంగతి, నాలుగు బకెట్లని తను చెప్పిన సంగతి. చెబుతున్నంతసేపూ గొంతు ఎవరో అద్దెకిచ్చినట్టు ఉంది.

"ఎన్నాళ్ల నుంచి తెలుసు?" అంది ఆవిడ.

"కారిన రోజు నుంచి. నీళ్లలోకి వచ్చిందని మాత్రం రెండ్రోజుల నుంచి."

"రెండ్రోజులు చర్చి నుంచి మోశారు మీరు."

"అవును."

"నాకోసం మోశారు. తాసియోకి మొయ్యలేదు. ఆ చివరింటి ముసలమ్మకి మొయ్యలేదు." ఆవిడ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "వెళ్లండి మనోయ్. గొయ్యి పూడ్చకముందే వెళ్లండి."

బంకులో ఇసక లారీ వెనక్కి వస్తోంది. వల్మోరియా చెయ్యి ఊపుతూ దారి చూపిస్తున్నాడు. యూప్రోనియో లారీకీ గోతికీ మధ్య వెళ్లి నిలబడ్డాడు. డ్రైవరు తల బయట పెట్టి, "చావడానికి నా లారీయే దొరికిందా తాతా?" అని అరిచి, రిబ్బన్ చూసి, "క్షమించు మనోయ్" అన్నాడు.

యూప్రోనియో పిన్నీసు తీసి, నల్ల రిబ్బన్ జేబులో పెట్టుకున్నాడు.

"ఇంజనీరూ, ఇప్పుడు అడుగు నన్ను. ఆ రోజు అడగాల్సినట్టు అడుగు."

వల్మోరియా రిబ్బన్ లేని అతని చొక్కా వైపు చూశాడు. కుర్రాడు తెలివైనవాడే. మొహంలో రంగు పోయింది.

"ట్యాంకులో ఎంత ఉంది మనోయ్?"

"ఆరువందల నలభై లీటర్లు."

"నిజమేనా?"

"నిజం. కావాలంటే మళ్లీ అడుగు."

వల్మోరియా మళ్లీ అడగలేదు. గోడ దగ్గరికి వెళ్లి, ఇనుప గొట్టం మీద ఆరేసిన బనీను తీసి పక్కన పెట్టి, గొట్టాన్ని చేతిలోకి తీసుకున్నాడు. "ఇది నా చేతిలోనే ఉంది ఆ రోజు" అన్నాడు. తర్వాత లారీని వెనక్కి పంపేశాడు.

కొత్త ట్యాంకుని మళ్లీ పైకి తీశారు. ఇంకా లోతుగా తవ్వారు, పంపులు పెట్టి రాత్రీ పగలూ తోడారు. పట్నం నుంచి ఆఫీసువాళ్లు సీసాల్లో నీళ్లు పట్టుకుపోయారు. ట్యాంకరుతో తాగే నీళ్లు వీధికి వచ్చాయి. లుదివినాని డాక్టరు రెండుసార్లు చూసి, బిడ్డ గుండె బాగా కొట్టుకుంటోందని, ఒక వారం ఆ నీళ్లు తాగి ఉంటే తను ఈ మాట చెప్పలేకపోయేవాడినని అన్నాడు. ఆవిడ కన్నది ఆడపిల్లని, పెద్ద గొంతుతో ఏడ్చేదాన్ని. అది తర్వాత సంగతి. వీధిలో యూప్రోనియోతో మాట్లాడడం మానేసినవాళ్లు ఇద్దరు. మిగిలినవాళ్లు మాట్లాడారు, కాస్త తక్కువగా. యజమానురాలు అతన్ని పనిలోంచి తీసేయలేదు. కొత్త ట్యాంకుకి లోపల ఎంతుందో తనంతట తనే అంకెల్లో చూపించే పెట్టె ఉంది కాబట్టి కొలిచే పని లేదు. బళ్లకి పెట్రోలు కొట్టమంది. కొట్టాడు.

బావులు మూసే రోజున మేస్త్రీలు పొద్దున్నే వచ్చారు. ఒక్కో ఇంటివాళ్లకి ఒక్కసారి చేద దించుకోవచ్చన్నారు. అలా ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు. మేస్త్రీలది కూడా ఆ ఊరే, అంతే. తాసియో వంతు వచ్చినప్పుడు చెక్క మూత తీసి, తిట్లు పడడానికి సిద్ధంగా మెడ ముడుచుకుని చేద వదిలాడు. "రొట్టె బాగా కాలిందిరా అబ్బాయీ" అంది బావి, దగ్గుతూ. ఎప్పుడో పెళ్లయిన కొత్తలో ఒకేసారి అన్న మాటట. తాసియో గట్టు మీద కూలబడి, లేవమంటే లేవలేదు. మేస్త్రీలు ముందు పక్కింటికి వెళ్లారు.

యూప్రోనియో తాడు మంచం కింద నుంచి తెచ్చి చేదకి కట్టాడు. లుదివినా గోడ అవతల నిలబడి ఉంది, చూడనట్టు బట్టలు ఆరేస్తూ.

చేద నీళ్లని తాకింది.

"ఒక్క గ్లాసే బియ్యం పొయ్ ప్రోన్" అంది బిబియానా. "నువ్వొక్కడివేగా తినేది."

ఆస్పత్రికి బయల్దేరిన రోజున అన్న మాట అది. సంచీ చేత్తో పట్టుకుని, ట్రైసికిల్ వాడు తొందర పెడుతుంటే, గట్టు దగ్గర ఆగి చెప్పింది. రెండ్రోజుల్లో వచ్చేస్తాను, ఈలోగా అన్నం పారేయకు అన్న ధోరణిలో.

అతను చేద పైకి లాగాడు. నీళ్లు ఆ రంగుల పొరతో సహా మేస్త్రీల డ్రమ్ములో పోశాడు. తాడు విప్పి చుట్టాడు. మేస్త్రీ తల వంచి, "కానివ్వమంటారా మనోయ్?" అన్నాడు.

"కానివ్వు."

సిమెంటు పలక గట్టు మీద కూర్చున్న చప్పుడు పెద్దగా ఏమీ లేదు. అంచులకి తాపీతో సిమెంటు పూస్తుంటే అతను కాసేపు చూసి, లోపలికి వెళ్లిపోయాడు. పొయ్యి దగ్గర బియ్యం డబ్బా తీశాడు. ఆవిడ పోయినా రోజూ ఎప్పటిలాగే రెండు గ్లాసులు పోస్తున్నాడు. ఎందుకని ఎవరూ అడగలేదు, తనూ అడుక్కోలేదు. మిగిలిన అన్నం సాయంత్రం లుదివినా వాళ్ల పందికి పోయేది. ఇవాళ ఒక గ్లాసు పోశాడు. ట్యాంకరు నీళ్లతో కడిగి, నీళ్లు పోసి, వేలు ముంచి, మొదటి కణుపు దాకా వచ్చాయో లేదో చూసుకుని, పొయ్యి మీద పెట్టాడు. అన్నం ఉడికాక గిన్నె ఖాళీ అయ్యేదాకా కూర్చుని తిన్నాడు. మధ్యలో ఒకసారి కళ్లలోంచి నీళ్లు అన్నంలో పడ్డాయి. ఆ ముద్దలు కూడా తిన్నాడు.

సాయంత్రం లుదివినా బకెట్ పట్టుకుని గోడ దగ్గరికి వచ్చింది. పన్నెండో రోజు తర్వాత ఆవిడ అతన్ని పలకరించడం అదే మొదలు.

"మనోయ్, పందికి అన్నం?"

"ఇవాళ మిగల్లేదు ఇందయ్" అన్నాడు యూప్రోనియో.